నాకు అవార్డిచ్చిన విత్తనాల కంపెనీ

హుజూరాబాద్ చౌరస్తాలో నా ముఖాన్ని లారీ ముందుభాగమంత పెద్దది చేసి ఫ్లెక్సీ కట్టిన రోజు నేను బస్సులో అటే వెళ్తున్నాను. పక్క సీట్లో ఉన్నావిడ ఒకసారి ఫ్లెక్సీ వంక, ఒకసారి నా వంక చూసి, "నువ్వేనా?" అని అడిగింది. నేనే అన్నాను.

"ఎలక్షన్ల నిలబడ్డవా?"

"లేదమ్మా."

"మరెందుకు కట్టిండ్రు?"

జవాబు చెప్పేలోగా ఆవిడ దిగాల్సిన చోటు వచ్చింది. నిజానికి అప్పుడు నా దగ్గర చెప్పదగ్గ జవాబు లేదు. అది దొరకడానికి ఒక వానాకాలం పట్టింది.

నేను ఒక దినపత్రిక కరీంనగర్ ఎడిషన్‌లో విలేకరిని. వ్యవసాయం, వాతావరణం, ఆరోగ్యం, పిడుగులు, పాముకాట్లు అన్నీ కలిపి మా ఆఫీసులో 'సైన్స్' అంటారు. రాజకీయాలు, క్రైమ్ మగవాళ్లు పంచుకోగా మిగిలిన దాన్ని నాకిచ్చారు. ఇచ్చినవాళ్లు నన్ను చూసి జాలిపడ్డారు కూడా. నేను మాత్రం సంతోషంగా తీసుకున్నాను. మంత్రిగారి ప్రసంగం మర్నాటికి బజ్జీల పొట్లం అవుతుంది. పత్తిలో పురుగు గురించి రాసిన ముక్కను రైతు చింపుకుని జేబులో పెట్టుకుంటాడు. ఇది నాకు తొందరగానే తెలిసింది, అందుకే ఆదిలాబాద్ వైపు పత్తి వార్తలు కూడా నేనే రాస్తానని అడిగి మరీ తీసుకున్నాను.

ఒక విత్తనాల కంపెనీ ఏటా సైన్స్ విలేకరులకు శిక్షణ ఇప్పిస్తుంది, మంచి కథనానికి అవార్డు ఇస్తుంది. ఆ శిక్షణకు నేను వెళ్లాను. మా పేపర్ నాకు ఇన్నేళ్లలో ఏ శిక్షణా ఇప్పించలేదు, దీనికి మాత్రం సెలవు పెట్టుకుని పొమ్మంది. హైదరాబాద్‌లో పెద్ద హోటల్, మంచి భోజనం, కంపెనీ గుర్తు వేసిన సంచీ. పాఠం చెప్పడానికి వచ్చింది రిటైరైన ఒక ప్రొఫెసరమ్మ. చేతిలో సుద్దముక్క తప్ప ఏమీ లేకుండా గంటలు గంటలు నిలబడి చెప్పేది. "ఎవరైనా ఫలానా మందు కొట్టాను, పురుగు పోయింది అంటే, కొట్టని చేను ఎలా ఉందో చూశారా అని అడగండి. చూడలేదంటే రాయకండి" అన్నది ఆమె మొదటి పాఠం. దానికి ఉదాహరణగా ఆ కంపెనీ వాళ్లే అచ్చు వేయించిన కరపత్రాన్ని తీసుకుని, అందులో ప్రతి వాక్యాన్నీ చీల్చి చెండాడింది. కంపెనీ అధికారులు వెనక వరుసలో కాఫీ కప్పులు పట్టుకుని నవ్వలేక నవ్వుతూ కూర్చున్నారు. నాకు ఆమె మీద ప్రేమ పుట్టింది.

కంపెనీ డబ్బుతో నేర్చుకున్నానని చెప్పడానికి నాకేమీ సిగ్గు లేదు. మాది పెద్దపల్లి దగ్గర పల్లె, మిషన్ చర్చికి వెళ్లే కుటుంబం. నేను చదివిన మిషన్ బడిని నడిపింది ఎక్కడో సముద్రాల అవతల ముసలమ్మలు వేసుకున్న చందాలే. ఆ డబ్బుతో నేర్చుకున్నంత మాత్రాన నా ఎక్కాలు తప్పులైపోలేదు. చదువు ఎవరి ఖర్చుతో వచ్చినా చదువే. ఈ మాట మీద ప్రెస్ క్లబ్‌లో నాతో పోట్లాడినవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరూ ఇంతవరకూ కొట్టని చేను చూసి రాయలేదు.

తర్వాతి ఏడు ఆ కంపెనీ అవార్డు నాకే వచ్చింది. పత్తి మంచుకు ఎంత తేమ పీల్చుకుంటుందో, తెల్లవారగానే ఆదిలాబాద్ మార్కెట్ యార్డుకు తెస్తే ధర ఎందుకు కోసేస్తారో, ఎండెక్కనిచ్చి తేమ చూపిస్తే ఎందుకు మేలో రాశాను. కంపెనీకీ దానికీ ఏ సంబంధమూ లేదు. మంచి కథనం, మంచిదని ఇచ్చారు. శాలువా కప్పారు, మెమెంటో ఇచ్చారు, ఫొటో తీశారు.

ఇక మా ప్రెస్ క్లబ్ మిత్రుల సంగతి. మా వైపు పుట్టినరోజైనా, పదవైనా, అవార్డైనా ఫ్లెక్సీ కట్టందే జరిగినట్టు లెక్క కాదు. మిత్రులు ఆ ఏర్పాట్లలో ఉండగా ఆ కంపెనీ విత్తనాలు అమ్మే డీలర్ ఎదురుపడి, "గది నాకిడిసిపెట్టున్రి అన్నా, నేను జూసుకుంట" అన్నాడు. వీళ్లు ఎంత మంచివాడో అనుకున్నారు. ఆయన నిజంగానే బాగా చూసుకున్నాడు. తన దుకాణాలున్న ప్రతి ఊళ్లోనూ, అంటే హుజూరాబాద్‌లో, పెద్దపల్లిలో, అటు ఆదిలాబాద్‌లో కూడా కట్టించాడు. విచ్చుకున్న పత్తికాయ ఒకటి, దాని పక్కన నేను, మా ఇద్దరి కంటే పెద్దగా కంపెనీ గుర్తు. కింద 'మా అక్కకు హృదయపూర్వక శుభాకాంక్షలు' అని మిత్రుల ఫొటోలు. ఇంత చేసి మిత్రులు గమనించిందల్లా నా ఫొటో బాగా వచ్చిందని.

మా అమ్మ, మేం అవ్వ అంటాం, కూరగాయలకు పోయి చూసి వచ్చింది. సంచీ దింపకుండానే, "ఇత్తనాల సంచుల మీద సినిమా హీరోయిన్ బొమ్మ ఏస్తరు సూడు, అచ్చం గట్లున్నవు బిడ్డా" అంది. పగలబడి నవ్వుకున్నాం.

నా శీర్షిక కింద ఫోన్ నంబర్ ఉంటుంది. రైతులు చేస్తుంటారు. ఫ్లెక్సీలు కట్టాక ఫోన్ల తీరు మారింది.

"మేడం, గా ఇత్తనం మీ తాన ఉన్నదా?"

"నేను విత్తనాలు అమ్మనయ్యా, పేపర్లో రాస్తాను."

"ఎరుకే మేడం. జర డీలర్‌తోటి చెప్పి రేటు తగ్గించున్రి."

మొదట్లో నవ్వొచ్చింది. నెల తిరిగేసరికి చిరాకేసింది. అయినా ఇదేదో మామూలు గోలే అనుకున్నాను.

ఆ ఫోన్లలో ఒక్కటి మాత్రం ఎప్పుడూ వేరుగా ఉండేది. ఆదిలాబాద్ దాటాక, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఊరి నుంచి ఒక పత్తి రైతు చేసేవాడు. అటు వాళ్ల మరాఠీ అలవాటు కొద్దీ, అమ్మా అన్నట్టుగా, నన్ను 'బాయి' అంటాడు. నా శీర్షిక వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే చదివి, అందులో ఏదో ఒక దాని మీద నాతో వాదించకపోతే ఆయనకు తెల్లవారదు. నేను ఒకసారి ఆయన మాట విని మార్చుకున్నాను, ఆయన చాలాసార్లు నా మాట విని మార్చుకున్నాడు. అవార్డు వచ్చిన వారం నుంచి ఆయన ఫోన్ రాలేదు. పనుల్లో ఉన్నాడనుకున్నాను.

ఆ ఏడు జులై అంతా ముఖం చాటేసిన వాన, ఆగస్టులో పట్టుకుని వదల్లేదు. అది వెలిసి ఎండ కాయగానే ఆదిలాబాద్ వైపు పత్తి చేలు ఒక్క పూటలో తలలు వేలాడేశాయి. ముందురోజు నడుమెత్తు పచ్చగా నిలబడిన మొక్క, మర్నాడు ఉడికించిన తోటకూరలా ఉంది. అక్కడ ఎక్కువమంది వేసింది నాకు అవార్డిచ్చిన కంపెనీ విత్తనమే. విత్తనం ఖరాబన్న మాట ఊరూరా పాకింది. డీలర్ దుకాణం ముందు ధర్నా మొదలైంది.

నేను వెళ్లాను. నిజం చెప్పాలంటే, తప్పు కంపెనీదే అయితే బాగుండునని మనసులో ఒక మూల ఆశ కూడా ఉంది. వాళ్లను చీల్చి రాస్తే నా మీద పడ్డ ముద్ర ఒక్కరోజులో పోతుంది. కానీ చేలు అలా చెప్పలేదు. అదే విత్తనం మెరక చేలల్లో నిటారుగా నిలబడి ఉంది. వేరే కంపెనీల విత్తనం పల్లపు చేలల్లో అలాగే వాలిపోయి ఉంది. ఎండిన నేల ఒక్కసారిగా జాలుపట్టి, నీళ్లు నిలిచి, వేళ్లకు గాలి ఆడక మొక్క వడలిపోయింది. పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తను అడిగాను, ఆయనా అదే చెప్పాడు. నీళ్లు బయటికి తీసి, మొక్క మొదట్లో మందు పోసి ఓపిక పడితే చాలావరకు మళ్లీ చిగురిస్తుందనీ, తొందరపడి దున్నేయొద్దనీ అన్నాడు. అదంతా రాశాను. జోన్ పేజీలో పైన, నా పేరుతో, నా ఫొటోతో వేశారు. ఫ్లెక్సీ మీదున్న ఫొటోనే.

పొద్దున్నే మొదటి ఫోన్ కంపెనీ ప్రతినిధిది. "మేడం, చాలా థాంక్స్! దీన్ని కరపత్రంగా వేయించి ఊళ్లల్ల పంచుతం."

"వద్దు."

"ఎందుకు మేడం, మంచిగ రాసిండ్రు గదా?"

"మీ చేతుల మీదుగ పోయిందంటే ఒక్కరు నమ్మరు. జర ఊకుండున్రి."

రెండో ఫోన్ నా రైతుది. ఆ నంబర్ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇక వాదనకు సిద్ధపడి కూర్చున్నాను. ఆయన వాదించలేదు.

"పేపర్ జూసిన బాయి. నువ్వు గట్లనే రాస్తవు తియ్యి. ఆదిలాబాద్ చౌరస్తాల నీ ఫొటో జూసిన్నాడే అనుకున్న."

"నేను రాసింది అబద్ధమంటవా?"

"ఏమో, నాకేమెరుక? ఎల్లుండికి ట్రాక్టర్ మాట్లాడిన. మొత్తం దున్నిచ్చి శనగ పెట్టుకుంట."

ఫోన్ పెట్టేశాడు. నాకు ముందు ఒళ్లు మండింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు రాసి ఉంటే ఏం చేయాలో నాకు తెలుసు, మర్నాడు సవరణ వేస్తాం. నిజం రాసినా నమ్మకపోతే దానికి పేపర్లో ఏ మూలా చోటు లేదు. అక్కడ ఆయన చేతులారా పెంచిన పత్తి, ఇంకా బతికే పత్తి, నా ముఖం చూసి దున్నేయబోతున్నాడు. ఆ ముక్క వేరెవరు రాసినా ఆయన వాదించైనా వినేవాడు.

మా డెస్క్ ఇన్‌చార్జికి చెప్పాను. ఆయన మంచివాడే, తేలిక దారులు వెతకడంలో దిట్ట. "గంతేనా? నీ పేరు తీసేసి, 'ప్రత్యేక ప్రతినిధి' అని పెట్టి రేపు మల్లొక్కసారి కొడదాం. నమ్ముతరు" అన్నాడు.

"అది మోసం కాదా?"

"నిజమే రాస్తున్నం గదా, మోసమెట్లయితది?"

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకో ఆ క్షణాన చెప్పలేకపోయాను. మర్నాడు తెల్లవారకముందే ఆదిలాబాద్ బస్సెక్కి కూర్చున్నాక తెలిసింది.

మా ఊరి చర్చిలో కోత పండుగ జరిగేది. అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. వడ్లు, మక్కజొన్న పొత్తులు, కోడిపుంజులు, గుమ్మడికాయలు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసేవారు. వేలం పాడించేది మా బాపు. చేతిగంట కొట్టి, ముందుగా అది ఎవరు తెచ్చారో గట్టిగా చెప్పి, ఆ తర్వాతే పాట మొదలుపెట్టేవాడు. మా ఇంటి గుమ్మడికాయ వంతు వస్తే మాత్రం, "గిది మా ఇంటిది" అని చెప్పి, గంట వేరే పెద్దమనిషి చేతిలో పెట్టి, వెళ్లి వెనకాల చాప మీద కూర్చునేవాడు. ఆ పెద్దమనిషికి వేలం పాడించడం రాదు. మా గుమ్మడికాయ ఎప్పుడూ చవకగా పోయేది. నేను ఉడుక్కునేదాన్ని. ఒకసారి అడిగితే బాపు, "మన కాయను మనమే పొగిడితే, రేపు పక్కోని కాయ మంచిగున్నదని చెప్పినా ఎవలు నమ్మరు బిడ్డా" అన్నాడు.

బాపు పోయి చాలా ఏళ్లయింది. బస్సు నిర్మల్ ఘాట్ ఎక్కుతుంటే ఆ చాప, ఆ గంట కళ్ల ముందుకొచ్చాయి. బాపు గుమ్మడికాయను దాచలేదు, తెచ్చినవాళ్ల పేరు మార్చి చెప్పలేదు. ఎవరిదో చెప్పి, పక్కకు తప్పుకున్నాడు. మా ఇన్‌చార్జి చెప్పిన దారికీ దీనికీ ఉన్న తేడా అప్పుడు అర్థమైంది. ఇక నాకు బెరుకు లేదు.

ఆదిలాబాద్‌లో దిగి, ఆటో పట్టుకుని ఆ ఊరు చేరేసరికి రైతు చేను గట్టున నలుగురితో మాట్లాడుతున్నాడు. మాట్లాడిన ట్రాక్టర్ ఒకరోజు ముందే వచ్చి నిలబడింది. నన్ను ఎప్పుడూ ఎదురుగా చూడలేదు గానీ చూడగానే గుర్తుపట్టాడు. ఫ్లెక్సీ పుణ్యం.

"గింత దూరం అచ్చినవా బాయి?"

"అచ్చిన. అందరు జర ఇనున్రి" అన్నాను. కంపెనీ పేరు గట్టిగా చెప్పాను. "నన్ను హైదరాబాద్ పిలిచి సదువు నేర్పిచ్చింది గా కంపెనీ. అవార్డిచ్చింది గా కంపెనీయే. ఫ్లెక్సీ కట్టిచ్చింది ఆళ్ల డీలర్. గందుకే గీ ఇత్తనం గురించి ఇప్పుడు నేనొక్క ముక్క జెప్ప. మీరే అడుగున్రి, మీరే పోయి సూడున్రి." అని గట్టు మీద కూలబడ్డాను.

వాళ్లలో ఒకాయన నవ్వాడు. "గింత దూరం అచ్చి చెప్పనంటదేందిరా గీమె!"

నా రైతు నవ్వలేదు. గడ్డం గోక్కున్నాడు. వాదించే మనిషికి ఎదుటివాళ్లు వాదించకపోతే తోచదు. "సరే, నేనే అడుగుత. ఇత్తనం మంచిదే అయితే, వేరే కంపెనీది పెట్టినోని చేను పచ్చగ ఎందుకున్నది?"

"ఎవరి చేను?"

"మా బావమరిదిది. వాగు పక్కపొంటి."

"చూసినవా?"

చూడలేదు. గట్టు తగాదాతో బావా బావమరుదులకు మాటల్లేవు. అటువైపు తొంగిచూసి ఎన్నాళ్లయిందో. బాగుందని ఎవరో అంటే విన్నాడంతే. కొట్టని చేను చూశారా అన్న ప్రొఫెసరమ్మ ప్రశ్న నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

ఆయనే లేచాడు. నల్లరేగడి బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని అందరం వెనకాల నడిచాం. వాగు పక్కన బావమరిది చేను పల్లంలో మొత్తం వాలిపోయి ఉంది. ఆ చివర కాలువ తీస్తున్న బావమరిది పార ఎత్తి, "ఏంది, నా చేన్లకెందుకు దిగిండ్రు?" అని అరిచాడు.

"నీ పత్తి గూడ గిట్లనే అయ్యిందా?"

"కనవడ్తలేదా? నీ లెక్కనే."

ఎన్నాళ్ల తర్వాతో వాళ్ల మధ్య నడిచిన మాటలు అవి. నా రైతు వంగి పల్లంలో మొక్క ఒకటి పీకాడు. వేరు నల్లబడి వాసన వేస్తోంది. వెనక్కి వచ్చి, తన చేలో మెరకన నిలబడిన మొక్క ఒకటి పీకాడు. వేరు తెల్లగా ఉంది. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను నోరు విప్పకుండా ఉండటానికి ఎంత అవస్థ పడ్డానో దేవుడికే తెలుసు.

ట్రాక్టర్ డ్రైవర్‌తో, "ఇయ్యాల వద్దు, పో. మల్ల చెప్త" అన్నాడు. బావమరిది దగ్గరికి వెళ్లి పార అడిగాడు.

ఇంటి దగ్గర జొన్నరొట్టె పెట్టించాడు. తింటుంటే అడిగాడు. "బాయి, ఆడ గట్టు మీద జెప్పిన ముచ్చట పేపర్ల ఎందుకు రాయలే?"

"రాస్తే నమ్మేటోనివా?"

"తిట్టుకుంట సదువుదును. గని సదువుదును. ఇప్పుడైతే సగంలనే పడేసిన."

తిరిగొచ్చి మా ఇన్‌చార్జి ముందు కూర్చున్నాను. ఇకనుంచి నేను రాసే ప్రతి విత్తనం వార్త, మందు వార్త కింద ఒక వాక్యం ఉండాలన్నాను. ఈ విలేకరికి శిక్షణ, అవార్డు ఇచ్చింది ఫలానా విత్తనాల కంపెనీ అని. ఆయన అది చదివి, "ఇది పేపరా, మీ చర్చిల సాక్ష్యమా?" అన్నాడు. సాక్ష్యమే అన్నాను. అది లేకపోతే ఆ వార్తే ఇవ్వనన్నాను. ఒకటి రెండుసార్లు చోటు చాలలేదని కోసేశాడు. ఆ రోజుల్లో అది మళ్లీ చేర్చేదాకా నేను ఆయన బల్ల ముందు నుంచి కదల్లేదు. ఇప్పుడు ఆయనే వెతికి మరీ పెడతాడు. కంపెనీ ప్రతినిధి ఫోన్ చేసి ఆ వాక్యం అవసరమా మేడం అని నసిగాడు. ఉంటుందన్నాను. మరుసటి ఏడు శిక్షణకు వాళ్లు మళ్లీ పిలిచారు, నేను మళ్లీ వెళ్లాను. పిలిస్తే ఇంకోసారీ వెళ్తాను. మెమెంటో మా ఇంట్లో ఫ్రిజ్ మీదే ఉంది. అవ్వ దాన్ని రోజూ తుడుస్తుంది.

పత్తి ఏరుతున్న రోజుల్లో రమ్మని ఆ రైతు కబురు చేశాడు. పల్లంలో కొంత చచ్చిపోయింది, ఆ మేరకు దున్ని శనగ పెట్టాడు. మిగిలింది కాస్త ఆలస్యంగానైనా చిగురించి కాసింది. ముందురోజు అదాటున వాన పడిందట. వాకిట్లో పత్తి కుప్ప మీద ఫ్లెక్సీ కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. ఆదిలాబాద్ చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ. నేను ఆకాశంలోకి నవ్వుతూ, ముఖం నిండా వాననీళ్లతో ఉన్నాను.

"డీలర్‌ను అడిగి తెచ్చిన. మస్తు మందమున్నది బాయి. ఒక్క చుక్క దిగలే" అన్నాడు.

బావమరిది కూడా అక్కడే ఉన్నాడు. ఇంకా నలుగురైదుగురు వచ్చి కూర్చున్నారు. చాయ్ తాగాక రైతు అడిగాడు. "సరే గని, వచ్చే ఏడు ఏ ఇత్తనం పెట్టాలె?"

నేను నోరు తెరవగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ముందుగాల గది జెప్పు."

చెప్పాను. నాకు చదువు నేర్పించింది ఎవరో, అవార్డిచ్చింది ఎవరో, వాళ్లమ్మేది ఏమిటో, అందరికీ వినిపించేలా చెప్పాను. ఆయన తలూపుతూ సాంతం విన్నాడు.

"ఆఁ, ఇగ ఇప్పుడు జెప్పు బాయి" అని, వాదనకు వీలుగా మంచం ముందుకు జరుపుకున్నాడు.